హాఫ్‌టన్ పికప్‌తో 30 అడుగుల ట్రైలర్: తయారీదారు చెప్పిన 11,200 పౌండ్లను నమ్మవచ్చునా?

ఫ్రిస్కో_ప్రయాణికుడు (టెక్సాస్), మార్చి 9

అందరికీ నమస్కారం. మే నెలాఖరున మా అమ్మానాన్నలు తెనాలి నుంచి వచ్చి మూడు నెలలు మాతో ఉండబోతున్నారు. హోటళ్లలో దిగితే అమ్మకు భోజనం కుదరదు, నాన్నగారికి మోకాళ్ల నొప్పులు. అందువల్ల వంటగది, మంచాలు, స్నానాలగది ఉన్న ట్రైలర్ ఒకటి కొని, పిల్లలతో సహా ఆరుగురమూ గ్రాండ్ కాన్యన్ వెళ్లి రావాలని అనుకుంటున్నాము.

నా దగ్గర మూడేళ్ల నాటి ఫోర్డ్ ఎఫ్-150 ఉన్నది, హాఫ్‌టన్ అనే తేలిక తరగతి పికప్. ముందు వరుసలో బెంచి సీటు ఉన్నందున ఆరుగురికీ చోటు సరిపోతుంది. తయారీదారు పట్టికలో ఈ బండి లాగగల బరువు 11,200 పౌండ్లని ఉన్నది. మేము చూసిన ట్రైలర్ 30 అడుగుల పొడవు, ఖాళీ బరువు 6,400 పౌండ్లు, సామానుతో కలిపి గరిష్ఠంగా 8,200 పౌండ్లు. అమ్మే చోట అడిగితే, 'మీ బండికి ఇంకా మూడు వేల పౌండ్ల వెసులుబాటు ఉన్నది, కళ్లు మూసుకుని తీసుకోండి' అన్నారు. లెక్క చూస్తే నిజమేననిపిస్తుంది. అయినా ఇంటిల్లిపాదినీ ఎక్కించుకుని వెయ్యి మైళ్లు పోయే ప్రయాణం కాబట్టి, ఇదివరకే లాగిన అనుభవమున్న వారి మాట వినకుండా బయానా ఇవ్వడానికి మనసొప్పడం లేదు. దయచేసి చెప్పగలరు.

గోదావరి_గట్టు (డెన్వర్), మార్చి 9

బయానా ఇవ్వకముందే అడిగారు, చాలా మంచి పని చేశారు. మీరు చూడవలసిన అంకె పట్టికలో లేదు, మీ బండి తలుపు దగ్గరే ఉన్నది. డ్రైవరు తలుపు తెరిస్తే, తలుపు చట్రం మీద టైర్ల గాలి వివరాలతో పాటు తెలుపు, పసుపు రంగుల చీటీ ఒకటి కనబడుతుంది. 'మనుషులూ సామానూ కలిపి ఇంత బరువుకు మించరాదు' అని దాని మీద ఒక అంకె ముద్రించి ఉంటుంది. దానినే పేలోడ్ అంటారు. అది మీ ఒక్క బండికే చెందిన అంకె. పక్కింటివారి ఎఫ్-150కి వేరే అంకె ఉండవచ్చు, ఎందుకంటే సన్‌రూఫ్, నాలుగు చక్రాల చోదకం, పెద్ద చక్రాలు వంటి హంగులన్నీ దానిలోంచే తగ్గుతాయి. హాఫ్‌టన్ బండ్లలో లాగే శక్తి కంటే ముందు అయిపోయేది ఈ పేలోడే.

ట్రైలర్ తన బరువునంతా తన చక్రాల మీదనే మోయదు. ముందు భాగంలో కొంత బరువు మీ బండి హిచ్ మీద, అంటే వెనుక ట్రైలర్‌ను తగిలించే అమరిక మీద వాలుతుంది. దానిని టంగ్ వెయిట్ అంటారు. ఈ రకం ట్రైలర్లకు అది మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం మధ్య ఉండాలి. ఆ బరువు మీ బండి పేలోడ్‌లోకే వస్తుంది, మీ నాన్నగారు కూర్చున్నంత నిజంగా.

ఆ చీటీ మీద ఏమున్నదో, ఆరుగురి బరువులు ఎంతో చెప్పండి. అప్పుడు లెక్క వేద్దాము.

ఫ్రిస్కో_ప్రయాణికుడు, మార్చి 9

ఇప్పుడే టార్చిలైటు పట్టుకుని వెళ్లి చూసి వచ్చాను. 1,640 పౌండ్లని ఉన్నది. మా ఆరుగురం కలిసి దాదాపు 740 పౌండ్లు.

గోదావరి_గట్టు, మార్చి 10

అయితే చూడండి. ఖాళీ బరువు 6,400 అన్నది కర్మాగారం నుంచి బయటకు వచ్చినప్పటి మాట. నీళ్లు, గ్యాసు, పక్కబట్టలు, వంట సామాను, తినుబండారాలు ఎక్కాక ఇటువంటి ట్రైలర్ 7,600 దగ్గరకు రావడం మామూలే. అందులో 13 శాతమంటే 990 పౌండ్లు హిచ్ మీద పడతాయి. ఇంత బరువుకు వెయిట్ డిస్ట్రిబ్యూషన్ హిచ్, అంటే ఆ బరువును మిగిలిన చక్రాలకూ పంచే హిచ్ తప్పనిసరి, దాని ఇనుము మరో 90 పౌండ్లు. మీరు ఆరుగురు 740. ఇప్పటికే 1,820 అయింది. వెనుక తొట్టిలో ఐస్‌పెట్టె, కుర్చీలు, చిన్న జనరేటరు, పనిముట్ల పెట్టె అంటూ 200 వేసుకుంటే 2,020. మీ చీటీ 1,640 అంటున్నది. అంటే 380 పౌండ్లు ఎక్కువ.

ఇంజన్ ఈ ట్రైలర్‌ను లాగుతుంది, అందులో సందేహం లేదు. అందుకే జనం మోసపోతారు. బండి బయలుదేరినప్పుడు ఇబ్బంది తెలియదు. వెనుక ఇరుసు, టైర్లు, స్ప్రింగులు, బ్రేకులు మోయలేని బరువు మోస్తూ ఉంటాయి. ఆ సంగతి ఎదురుగాలిలోనో, కొండ దిగేటప్పుడో, ముందు వాహనం హఠాత్తుగా ఆగినప్పుడో బయటపడుతుంది.

కాలిబాట_77 (అట్లాంటా), మార్చి 10

గోదావరి_గట్టు గారి లెక్క తప్పని అనను గానీ, ఒక విషయం విడిచిపెట్టారు. వెయిట్ డిస్ట్రిబ్యూషన్ హిచ్ బిగిస్తే టంగ్ వెయిట్‌లో కొంత భాగం తిరిగి ట్రైలర్ ఇరుసుల మీదికి పోతుంది. పైగా హాఫ్‌టన్ బండితో 30 అడుగుల ట్రైలర్‌ను లాగుతున్న కుటుంబాలు ప్రతి క్యాంపుగ్రౌండులోనూ కనబడతాయి. నేనూ రెండేళ్లుగా లాగుతున్నాను. ఇంత భయపెట్టవలసిన పని లేదని నా అభిప్రాయం.

ఇరుసు_గుణకం (ఫీనిక్స్), మార్చి 10

వృత్తిరీత్యా మెకానికల్ ఇంజనీరును, పన్నెండేళ్లుగా ట్రైలర్ లాగుతున్నాను. కాలిబాట గారు చెప్పిన మాట నిజమే, దాని పరిమితి కూడా చెప్పుకోవాలి.

ట్రైలర్‌ను హిచ్ కొనన ఉండే ఉక్కు గుండు (బాల్) మీద నేరుగా పెడితే బండి వెనుక భాగం కుంగి, ముందు భాగం తేలుతుంది. ముందు చక్రాల మీద బరువు తగ్గితే స్టీరింగు తేలికవుతుంది, ముందు బ్రేకుల పట్టు తగ్గుతుంది. ఈ హిచ్‌లో రెండు ఉక్కు కడ్డీలు ఉంటాయి. వాటి ఒక కొస హిచ్ తలలో, మరొక కొస ట్రైలర్ చట్రం మీద బిగుసుకుంటాయి. గడ్డపారతో బండరాయిని ఎత్తినట్టు అవి బండి వెనుక భాగాన్ని పైకి ఎత్తుతాయి; అలా ఎత్తిన బరువు కొంత ముందు చక్రాలకు, కొంత ట్రైలర్ చక్రాలకు చేరుతుంది. ట్రైలర్‌కు తిరిగి పోయేది మొత్తం టంగ్ వెయిట్‌లో ఐదో వంతుకు మించుతుందని ఆశ పెట్టుకోకూడదు. 990లో ఐదో వంతు తీసేసినా దాదాపు 800 మిగులుతుంది. 800కు 90, 740, 200 కలిపితే 1,830. చీటీ 1,640 దగ్గరే ఉన్నది. ఎంత ఉదారంగా లెక్క కట్టినా 190 పౌండ్లు ఎక్కువే.

ఇక 11,200 అంకె ఎక్కడిదో చెబుతాను. అది అబద్ధం కాదు. లాగే సామర్థ్యాన్ని కొలవడానికి వాహన ఇంజనీర్ల సంఘమైన ఎస్‌ఏఈ పెట్టిన జె2807 అనే ప్రమాణం ఒకటి ఉన్నది. 2011లో టొయోటా మొదటగా దానిని పాటించగా, మిగిలిన తయారీదారులు తరువాతి సంవత్సరాలలో దారికి వచ్చారు. అందులో ముఖ్యమైన పరీక్ష మా రాష్ట్రంలోనే, బుల్‌హెడ్ సిటీ దగ్గర డేవిస్ డ్యామ్ నుంచి యూనియన్ పాస్ వరకు 11.4 మైళ్ల ఎక్కుడులో జరుగుతుంది. మండు వేసవిలో, ఏసీ పూర్తిగా వేసి, పూర్తి బరువు లాగుతూ, గంటకు 40 మైళ్ల కంటే వేగం పడిపోకుండా ఎక్కగలగాలి. నేను ఆ దారిలో ఆగస్టులో ట్రైలర్‌తో ఎక్కాను. నీడ లేని రాతికొండ, ఉష్ణోగ్రత ముల్లు అంగుళం అంగుళం పైకి పోతుంటే దాని మీద నుంచి చూపు తిప్పలేకపోయాను.

అయితే ఆ ప్రమాణం ప్రకారం బండిలో ఉండేది డ్రైవరు, పక్కన ఒక్కరు, ఒక్కొక్కరు 150 పౌండ్లు. టంగ్ వెయిట్ 10 శాతం. మీ బండికి ఆ లెక్క వేయండి: 11,200లో పదో వంతు 1,120, ఇద్దరు మనుషులు 300, హిచ్ 90, మొత్తం 1,510. చీటీలో ఇంకా మిగిలింది 130 పౌండ్లు. ఇద్దరే వెళితే ఆ అంకె నిజం. ఇంకో నలుగురు ఎక్కిన మరుక్షణం అది మీ అంకె కాదు. అమ్మేవారు ఈ మాట చెప్పరు, ఎందుకంటే మీరు ఎంతమంది ప్రయాణిస్తారో వారు అడగరు.

వంటింటి_లెక్కలు (ఆస్టిన్), మార్చి 11

నేను బండి నడపను, ట్రైలర్ సర్దేది మాత్రం నేనే. ఈ చర్చలో బరువు పుట్టే చోటు గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి రాస్తున్నాను.

మా మొదటి ప్రయాణానికి ఇరవై పౌండ్ల సన్నబియ్యం సంచులు రెండు, టేబుల్‌టాప్ గ్రైండరు, ఐదు లీటర్ల కుక్కరు, ఇనుప పెనాలు రెండు, ఇడ్లీ పాత్ర, మూడు పెద్ద సీసాల ఆవకాయ, నెయ్యి, పప్పులు, పిల్లలకు పాల డబ్బాలు, పైన రెండు పెట్టెల మంచినీళ్ల సీసాలు సర్దాను. ఏదీ బరువుగా తోచలేదు, ఎందుకంటే ఒక్కొక్కటే చేత్తో తీసుకువెళ్లి పెట్టాను. తరువాత ఇంట్లో బరువు చూసే యంత్రం మీద అన్నీ తూస్తే వంటగది ఒక్కటే 210 పౌండ్లు తేలింది.

అంతకంటే పెద్దది నీళ్ల తొట్టి. గ్యాలను నీరు సుమారు 8.3 పౌండ్లు. 40 గ్యాలన్ల తొట్టి నింపుకుని బయలుదేరితే 330 పౌండ్లకు పైగా నీటినే మోసుకుపోతున్నామన్నమాట. చేరే చోట కుళాయి ఉంటే, దారిలో చేతులు కడుక్కోవడానికి, ఒకసారి టీ పెట్టుకోవడానికి సరిపడా పది గ్యాలన్లు చాలు. వాడిన నీరు నిలిచే అడుగు తొట్లను కూడా బయలుదేరే ముందే ఖాళీ చేయించండి.

ఇప్పుడు నేను పాటించే పద్ధతి ఇది: పిండి ఇంట్లోనే రుబ్బి, పులిసిన తరువాత ఐస్‌పెట్టెలో పెడతాను, గ్రైండరు ఇంటి దగ్గరే ఉంటుంది. బియ్యం ఎన్ని పూటలకో లెక్క చూసి కొలిచి పోస్తాను. బరువైనవన్నీ నేల మీద, ఇరుసులకు కాస్త ముందుగా సర్దుతాను, పై అరలలో చిప్స్, కాగితపు పళ్లేలు మాత్రమే. అమ్మగారికి వంట ముఖ్యమని రాశారు కాబట్టి చెబుతున్నాను, ఆవిడ చేతి వంటకు గ్రైండరు, ఇనుప పెనం లేకపోయినా లోటు ఉండదు.

ఎర్రమట్టి_దారి (ఓక్లహోమా సిటీ), మార్చి 11

మీరు వెళ్లే దారి యూఎస్-287 మీదుగా అమరిల్లో, అక్కడి నుంచి ఐ-40 పట్టుకుని అల్బుకర్కీ, ఫ్లాగ్‌స్టాఫ్, విలియమ్స్, తరువాత ఉత్తరంగా కాన్యన్. ఆ 287 మీద నాకు జరిగినది చెప్పడం నా బాధ్యత అనిపిస్తున్నది.

నాలుగేళ్ల క్రితం ఏప్రిల్‌లో ఫోర్ట్ వర్త్‌లో బంధువుల ఇంటి నుంచి బయలుదేరి అమరిల్లో దగ్గరి పాలో డ్యూరో కాన్యన్ పార్కుకు వెళుతున్నాము. బండి హాఫ్‌టన్, ట్రైలర్ 28 అడుగులు. పిల్లల సైకిళ్లు నాలుగు వెనుక బంపరు మీద కట్టాను. ఆ ట్రైలర్‌లో నీళ్ల తొట్టి ఇరుసులకు వెనుక ఉన్నది, అది నిండుగా ఉన్నది. వంటగది కూడా వెనుకనే. ఇవన్నీ కలిసి ట్రైలర్ ముందు భాగాన్ని ఎంత తేలిక చేశాయో నాకు తోచలేదు. బండి వెనుక పెద్దగా కుంగలేదు కాబట్టి బరువు తక్కువే అనుకుని సంతోషించాను.

చిల్‌డ్రెస్ దాటాక దక్షిణపు గాలి పక్క నుంచి కొట్టడం మొదలయింది. గంటకు 68 మైళ్ల వేగంలో ఉన్నాను. ఒక పెద్ద సెమీ ట్రక్కు ఎడమ నుంచి దాటింది. దాని ముందు గాలి మొదట ట్రైలర్‌ను కుడికి నెట్టింది, అది దాటిపోతుండగా ట్రైలర్ ఎడమకు లాగబడింది. అద్దంలో చూస్తే ట్రైలర్ తోక కుడికి కనబడుతుంది, మరుక్షణం ఎడమకు, ప్రతి ఊపూ ముందటి దానికంటే పెద్దది. స్టీరింగుతో సరిచేయబోయాను, ఊపు ఇంకా పెరిగింది. నా భార్య పిల్లల మీదికి చేయి అడ్డం పెట్టింది. ఆ సమయంలో బండి బ్రేకు తొక్కి ఉంటే ట్రైలర్ మమ్మల్ని పక్కకు తోసి బోల్తా కొట్టించేది. ఎప్పుడో చదివిన మాట గుర్తుకు వచ్చి, యాక్సిలరేటరు మీద నుంచి కాలు తీసి, స్టీరింగు తిన్నగా పట్టుకుని, మోకాలి దగ్గర ఉన్న బ్రేకు కంట్రోలరు మీటను వేళ్లతో నొక్కాను. ఆ మీట ట్రైలర్ బ్రేకులను మాత్రమే వేస్తుంది. ట్రైలర్ వెనుక నుంచి లాగిపట్టినట్టయి తిన్నగా అయింది. 45 మైళ్లకు వచ్చాక ఊపు ఆగింది.

పక్కన ఆపి దిగితే కాళ్లు నిలవలేదు. నీళ్లు వదిలేశాము, సైకిళ్లు విప్పి బండి తొట్టిలో పడేశాము. అమరిల్లోలో తూకం వేయిస్తే, అంత మార్చిన తరువాత కూడా టంగ్ వెయిట్ 9 శాతమే. బయలుదేరినప్పుడు ఇంకెంత తక్కువ ఉన్నదో ఊహించుకోవడానికే భయం వేస్తుంది.

కాబట్టి కాలిబాట గారూ, రెండేళ్లు ఏమీ జరగలేదన్నది నిజమే కావచ్చు. నాకూ అంతకు ముందు మూడేళ్లు ఏమీ జరగలేదు. మరొక మాట: పేలోడ్ సరిపోవడం లేదని టంగ్ వెయిట్ తగ్గించుకుందామని, సామాను వెనక్కు జరిపేవారు ఉన్నారు. దయచేసి ఆ పని మాత్రం చేయకండి.

ఫ్రిస్కో_ప్రయాణికుడు, మార్చి 12

ఎర్రమట్టి_దారి గారూ, చదివి చాలాసేపు మాట రాలేదు. మీ కుటుంబం క్షేమంగా బయటపడినందుకు సంతోషం.

నిన్న రాత్రి ఫోనులో నాన్నగారికి ఈ చర్చ అంతా చదివి వినిపించాను. ఆయన చిన్నతనంలో ధాన్యం బస్తాలు ఎడ్లబండిలో మిల్లుకు తోలినవారు. టంగ్ వెయిట్ అంటే ఏమిటో నేను వివరించబోతే, 'నొగల మీద బరువు సంగతేగా' అన్నారు. బస్తాలు ఇరుసుకు వెనుక ఎక్కువైతే నొగలు పైకి లేచి కాడి ఎడ్ల మెడ మీద నిలవదనీ, ముందు ఎక్కువైతే మెడలు పుండ్లు పడతాయనీ, అందుకే బస్తాలన్నీ ఎక్కించాక కాడిని చేత్తో ఎత్తి చూసి, ఒక బస్తా ముందుకో వెనక్కో జరిపేవారనీ చెప్పారు. ఆ చేత్తో ఎత్తి చూసే పనిని ఇక్కడ మేము ఎలా చేయాలి? బయలుదేరే ముందు అసలు బరువు తెలుసుకునే మార్గం చెప్పండి.

ఇరుసు_గుణకం, మార్చి 12

నాన్నగారి మాటకు నా నమస్కారం. చిన్న ట్రైలర్లకైతే ఇంట్లో బరువు చూసే యంత్రంతో, ఒక దూలంతో కొలవవచ్చు గానీ, మీ పరిమాణానికి ట్రక్కులను తూచే క్యాట్ స్కేల్ ఒక్కటే సరైన దారి. హైవేల పక్కన ట్రక్కులు ఆగే పెద్ద పెట్రోలు బంకులలో, దూరం నుంచి కనబడే గుర్తుతో ఉంటాయి. నేల మీద వరుసగా వేరువేరు పలకలు ఉంటాయి; బండి ముందు చక్రాలు ఒక పలక మీద, వెనుక చక్రాలు రెండో దాని మీద, ట్రైలర్ చక్రాలు మూడో దాని మీద ఆగేలా నిలపాలి. ఫోనులో వారి యాప్ ఉంటే కిందికి దిగకుండానే తూకం చీటీ వచ్చేస్తుంది. ఖర్చు కొద్ది డాలర్లే, అదే రోజు మళ్లీ తూస్తే ఇంకా తక్కువ. వెనుక సెమీ ట్రక్కులు ఆగి ఉంటాయి, వారికి అది పని. అందుకని తెల్లవారుజామున వెళ్లండి.

మూడుసార్లు తూయాలి. నా సొంత చీటీల అంకెలు ఇస్తున్నాను, పద్ధతి అర్థమవుతుంది.

కడ్డీలు బిగించి తూస్తే ముందు ఇరుసు 3,340, వెనుక ఇరుసు 3,880, ట్రైలర్ ఇరుసులు 6,320. కడ్డీలు విప్పి తూస్తే 3,100, 4,260, 6,180. ట్రైలర్‌ను పక్కన వదిలి బండి ఒక్కదాన్నే, మనుషులతో సహా తూస్తే 3,420, 3,060.

మొదటి రెండు తూకాలలో మొత్తం 13,540. ఒంటరి బండి 6,480. కాబట్టి ట్రైలర్ 7,060. కడ్డీలు లేనప్పుడు బండి మీద ఉన్నది 7,360, అందులోంచి 6,480 తీస్తే టంగ్ వెయిట్ 880, అంటే పన్నెండున్నర శాతం. బాగున్నది. ట్రైలర్ తగిలించగానే ముందు ఇరుసు 320 పౌండ్లు కోల్పోయింది, కడ్డీలు బిగించాక 240 తిరిగి వచ్చింది. ఇదీ బాగున్నది. ట్రైలర్‌కు తిరిగి వెళ్లినది 140 మాత్రమే. కాలిబాట గారు ఈ ఒక్క అంకె గమనించాలని కోరుతున్నాను.

బండి ఇరుసులకు విడివిడిగా గరిష్ఠ బరువులు తలుపు చట్రం మీద ఇంకొక చీటీలో ఉంటాయి. వాటితోనూ పోల్చుకోండి. ఇంకా ట్రైలర్ కొనలేదు కాబట్టి మీరు ముందుగా చేయవలసినది, నిండుగా పెట్రోలు పోసి, ఆరుగురి బరువుకు సమానమైన మనుషులతో బండి ఒక్కదాన్నే తూయించడం. తొట్టి మూత, పక్క మెట్లు వంటివి తరువాత పెట్టించుకుని ఉంటే చీటీలోని 1,640లో అవి కూడా తగ్గుతాయి.

కాలిబాట_77, మార్చి 13

నిన్న సాయంత్రం మా ఊరి బయట స్కేలు మీదికి వెళ్లి వచ్చాను. నా బండి, అది మోసే మనుషులూ సామానూ టంగ్ వెయిటూ కలిపి, దానికి అనుమతించిన గరిష్ఠ బరువు కంటే 260 పౌండ్లు ఎక్కువ ఉన్నది. వెనుక ఇరుసు మాత్రం తన పరిమితి లోపలే ఉన్నది. ఇంతకు ముందు రాసిన మాట వెనక్కు తీసుకుంటున్నాను. పెద్దబ్బాయి, వాడి సామాను ఇకనుంచి మా ఆవిడ నడిపే కారులో వస్తారు.

కృష్ణ_వంతెన (షార్లట్), మార్చి 13

ఆ సందర్భంలోనే ఒక సందేహం. మాకు టొయోటా సియెన్నా వ్యాన్ ఉన్నది. దాని లాగే సామర్థ్యం 3,500 పౌండ్లు. చిన్న ట్రైలర్‌ను దానితో లాగవచ్చునా?

గోదావరి_గట్టు, మార్చి 13

లాగవచ్చును, అయితే ఇదే లెక్క ఇంకా గట్టిగా వేసుకోవాలి. 3,500 పౌండ్లంటే టంగ్ వెయిట్ 350 వరకు. వ్యాన్ నిండా ఏడుగురు కూర్చుంటే మిగిలేది చాలా తక్కువ. చతురస్రపు ముఖమున్న ఎత్తైన ట్రైలర్ అయితే బరువు కంటే గాలి ఒత్తిడే పెద్ద భారం. నలుగురు మనుషులు, తేలికగా మడతపడే పాప్-అప్ ట్రైలర్ అయితే హాయిగా వెళ్లవచ్చు. వ్యాన్ పుస్తకంలో వెయిట్ డిస్ట్రిబ్యూషన్ హిచ్ వాడవచ్చునో లేదో కూడా చూడండి, కొన్నింటికి తయారీదారు అనుమతించరు.

ఫ్రిస్కో గారికి: 'అయితే ఇంకా పెద్ద తరగతి ఎఫ్-250 డీజిల్ కొంటాను' అనే ఆలోచన వస్తే అక్కడా తలుపు చీటీ చూశాకే కొనండి. డీజిల్ ఇంజన్ బరువెక్కువ. మొత్తం బండి గరిష్ఠ బరువును 10,000 పౌండ్లకు పరిమితం చేసి అమ్మే వాటిలో, హంగులు ఎక్కువైతే పేలోడ్ రెండు వేలకు కాస్త పైన మాత్రమే మిగలవచ్చు. అదే వరుసలో పెట్రోలు ఇంజన్ బండికి చాలా ఎక్కువ ఉంటుంది.

ఎర్రమట్టి_దారి, మార్చి 14

బరువు కుదిరాక మిగిలిన సంగతులు కొన్ని.

ట్రైలర్ టైర్ల పక్క గోడ మీద ఎస్‌టీ (స్పెషల్ ట్రైలర్) అని ఉంటుంది. వాటిలో కొన్నింటికి గంటకు 65 మైళ్లే గరిష్ఠ వేగం. టైరు మీద డాట్ అనే అక్షరాల వరుస చివర నాలుగు అంకెలు ఉంటాయి: 2319 అంటే 2019లో ఇరవై మూడో వారంలో తయారైంది. గాడులు కొత్తగా కనబడినా ఐదారేళ్లు దాటిన టైర్లను నమ్మవద్దు. పాత ట్రైలర్ కొనేవారు మొట్టమొదట ఇదే చూడాలి. చల్లగా ఉన్నప్పుడే గాలి చూసుకోండి. చక్రాల నట్లను టార్క్ రెంచితో బిగించి, మొదటి 50 మైళ్ల తరువాత ఆగి మళ్లీ చూడండి.

బ్రేకు కంట్రోలరును ఖాళీ స్థలంలో 25 మైళ్ల వేగంలో సరిచేసుకోవాలి: మీట పూర్తిగా నొక్కితే ట్రైలర్ గట్టిగా పట్టాలి గానీ చక్రాలు ఈడ్చుకుపోకూడదు. టెక్సాస్‌లో 4,500 పౌండ్లు దాటిన ట్రైలర్‌కు బ్రేకులు చట్టప్రకారం ఉండాలి. ట్రైలర్ ఊడిపోతే తానే బ్రేకు వేసుకునే సన్నని తీగను గొలుసులకు కాకుండా బండి చట్రానికే విడిగా తగిలించండి.

పాలో డ్యూరోలో ఆగుతారేమో, ఆగవలసిన చోటే అది. పార్కులోకి దిగే రోడ్డు 10 శాతం వాలు, మలుపులతో ఉంటుంది. పైనే టో-హాల్ మీట (బరువు లాగేటప్పుడు గేర్లను తగినట్టు మార్చేది) వేసి, తక్కువ గేరులో దిగండి. బ్రేకు మీద కాలు ఆనించి ఉంచకండి. గట్టిగా ఒకసారి నొక్కి, వేగం తగ్గాక పూర్తిగా వదిలేసి, మళ్లీ పెరిగితే మళ్లీ నొక్కాలి. కాలిన వాసన వస్తే పక్కన ఆపి చల్లారనివ్వండి.

గ్రాండ్ కాన్యన్ దక్షిణపు అంచున మాథర్ క్యాంపుగ్రౌండులో వాహనం మొత్తం పొడవు 30 అడుగులకు మించరాదు, కరెంటు కనెక్షన్లు కూడా ఉండవు. పక్కనే ఉన్న ట్రైలర్ విలేజ్‌లో కరెంటు, నీళ్లు, మురుగునీటి ఏర్పాటు అన్నీ ఉంటాయి. అక్కడ చోటు దొరికేది ముందుగా పూనుకున్నవారికే కాబట్టి ఈ వారమే ప్రయత్నించండి.

ఫ్రిస్కో_ప్రయాణికుడు, మే 3

అందరికీ ఆలస్యంగా జవాబు రాస్తున్నందుకు మన్నించాలి. ఆ 30 అడుగుల ట్రైలర్ వద్దనుకున్నాము. 23 అడుగులది, రెండిరుసులది తీసుకున్నాము. పిల్లలకు బల్ల మడిస్తే పడక అవుతుంది, అమ్మానాన్నలకు ముందు వైపు మంచం, మాకు బయట గుడారం. పిల్లలు గుడారం తమకే కావాలని పేచీ పెడుతున్నారు.

నిన్న తెల్లవారుజామున ఐదు గంటలకు డెంటన్ వైపు స్కేలు మీదికి వెళ్లాము. అమ్మానాన్నల బదులు వారి బరువుకు సరిపడా బియ్యం సంచులు సీట్లలో పెట్టాము. హిచ్ బిగించి ఉన్న ఒంటరి బండి 3,240, 3,100. ట్రైలర్‌తో, కడ్డీలు లేకుండా 3,000, 4,000, 4,660. కడ్డీలతో 3,180, 3,720, 4,760. అంటే ట్రైలర్ 5,320, టంగ్ వెయిట్ 660, పన్నెండు శాతానికి పైన. బండి గరిష్ఠ బరువు 7,050కి ఇంకా 150 పౌండ్లు మిగిలే ఉన్నది. ముందు ఇరుసు కోల్పోయిన 240లో 180 తిరిగి వచ్చింది.

వంటింటి_లెక్కలు గారూ, గ్రైండరు ఇంట్లోనే ఉంటుందని అమ్మకు చెప్పాను. పిండి ఏ రోజుకు ఎంత రుబ్బాలో ఆవిడ అప్పుడే లెక్క మొదలుపెట్టింది. ట్రైలర్ విలేజ్‌లో జూన్ 9 నుంచి నాలుగు రాత్రులు దొరికాయి.

ఒక్క సందేహం మిగిలింది. ఆ మిగిలిన 150లో నాన్నగారి చక్రాల కుర్చీ 38 పౌండ్లు పోతుంది. దానిని బండి తొట్టిలో పెట్టడమా, ట్రైలర్‌లో ఇరుసుల మీదుగా పెట్టడమా?

ఇరుసు_గుణకం, మే 3

ట్రైలర్‌లోనే, ఇరుసులకు ఒక అడుగు ముందుగా, తలుపు పక్కన నేల మీద పడుకోబెట్టి పట్టీతో కట్టండి. ఆగిన ప్రతిచోటా మొదట కావలసినది అదే కాబట్టి చేతికి అందేలా ఉంటుంది, దాని బరువులో చాలా భాగం ట్రైలర్ చక్రాల మీదికే పోతుంది. అమరిల్లో చేరాక ఇంకొకసారి తూయించి అంకెలు ఇక్కడ పెట్టండి.